వంకాయరంగు జెర్సీ వాళ్ళ ఏడాది

మొన్న ఆదివారం వీడియో కాల్లో నువ్వు కనపడగానే నా కళ్ళు నీ మొహం మీదికి పోలేదే తల్లీ, నీ జెర్సీ మీదికి పోయాయి. ఎర్ర జెర్సీ. వెనకాల మంచం మీద తమ్ముడు గెంతుతున్నాడు, మీ అమ్మ వంటింట్లోంచి ఏదో అంటోంది, నేను మాత్రం ఆ ఎరుపే చూస్తూ కూర్చున్నాను. మన వంకాయరంగుది ఏదే అని అడిగితే, "అమ్మమ్మా, వాళ్ళు రెలిగేట్ అయి కింది డివిజన్‌కి పోయారు లా. ఇంకెవరు వేసుకుంటారు? డొనేషన్ బ్యాగులో పెట్టేశా" అన్నావు. పెర్త్ వెళ్ళి రెండేళ్ళవుతున్నా నోట్లోంచి ఆ సింగపూర్ 'లా' పోలేదు, అందుకు నాకు సంతోషమే. జెర్సీ సంగతికి మాత్రం ఒళ్ళు మండింది. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదని మీకు తెలుసు. కొంచెం గొంతు పెంచి చెప్పవే అమ్మా అని మీ అమ్మ ఇప్పటికీ ఫోన్లో విసుక్కుంటుంది. పైగా తాతయ్య నా పక్కనే కూర్చుని ఉన్నారు. అందుకని నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడాయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. నేను కారిడార్లో కుర్చీ వేసుకుని ఇదంతా ఫోన్లో చెప్పి పంపిస్తున్నాను. ఆ బ్యాగు ఎవరికైనా ఇచ్చేసే లోపల ఇద్దరూ కూర్చుని ఒక్కసారి వినండి.

ఆ ఫుట్‌బాల్ క్లబ్బు పేరు నేను పలకను. ఆ ఏడాది వాళ్ళు చేసిన పనికి నా నోటితో పేరు చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. తాతయ్య క్లబ్బు అంటే చాలు మనకి. తాతయ్య విశాఖపట్నం షిప్‌యార్డులో వెల్డింగ్ సెక్షన్లో ఉండి, అక్కణ్ణించి ఇక్కడ సెంబవాంగ్ యార్డుకి వచ్చారు కదా. ఆ రోజుల్లో ఆయన మీద ఒక ఇంగ్లీషాయన సూపర్‌వైజరు. వాళ్ళ ఊళ్ళో వాన, చేపలు, ఈ క్లబ్బు తప్ప ఇంకేమీ లేవట. వెళ్ళిపోయేటప్పుడు తాతయ్యకి వంకాయరంగు ఉన్ని మఫ్లరొకటి ఇచ్చి వెళ్ళాడు. ఈ సింగపూర్ ఉక్కలో ఉన్ని మఫ్లరు! మెడకి చుట్టుకుంటే చెమట బొటబొటా కారేది, అయినా తీసేవారు కాదు. అప్పట్నించీ సోమవారం పేపర్లో ఆఖరి పేజీ, దాంట్లో చీమల్లాంటి అక్షరాలు, దాంట్లో ఆ క్లబ్బు స్కోరు. ఎప్పుడూ రెండో డివిజనో మూడో డివిజనో. ఎందుకండీ ఈ ఓడిపోయేవాళ్ళు, మంచి క్లబ్బేదైనా చూసుకోరాదా అంటే, "క్లబ్బుని మనం చూసుకోవడం ఏవిటోయ్, అది మన నెత్తిన పడుతుంది" అనేవారు.

తర్వాత సంగతి మీకు కొంత తెలుసు, కొంత మీ అమ్మ చెప్పనివ్వలేదు. తాతయ్యకి స్ట్రోకు వచ్చిందనీ, కుడి కాలు సరిగ్గా పడటం లేదనీ చెప్పాం. ఆ తర్వాత ఆయన ఇల్లు కదలడం మానేశారని చెప్పలేదు. ఆస్పత్రి వాళ్ళు నాలుగు కాళ్ళ చేతికర్ర ఇచ్చారు, రోజూ నడిపించమన్నారు. ఫిజియో అమ్మాయి వచ్చి నవ్వుతూ, బతిమాలుతూ, చివరికి నాతోనే ఒకరోజు విడిగా చెప్పింది, ఈ కొద్ది నెలలూ నడవకపోతే ఇక ఆ కాలు రాదని. ఆయనకేమో ఆ కర్రతో నలుగురి కంటా పడటం ఇష్టం లేదు. ముప్పై ఏళ్ళు ఓడల మీద నిచ్చెనలెక్కిన మనిషి. లిఫ్టు దాకా వచ్చి, అందులో పక్కింటి చైనా ఆంటీ కనిపిస్తే వెనక్కి తిరిగిపోయేవారు. రోజంతా గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఇంట్లో మాట అనేది లేకుండా పోయింది. కుక్కర్ కూత కోసం ఎదురుచూసేదాన్ని నేను, ఏదో ఒక చప్పుడు వినపడుతుందని.

సరిగ్గా ఆ వేసవిలోనే ఆ క్లబ్బు పై డివిజన్‌కి ఎక్కింది. ఎన్నేళ్ళకో ఎక్కింది. మీ నాన్న ఫోన్ చేసి, అత్తయ్యా, ఇంట్లోనే స్పోర్ట్స్ ఛానల్ పెట్టిస్తాను, మావయ్య హాయిగా మంచం మీంచే చూస్తారు అన్నాడు. వద్దన్నాను. అల్లుడి మాట కాదన్నానని మీ అమ్మకి కోపం వచ్చింది కూడా. మంచం మీంచి చూస్తే మంచం మీదే ఉంటారు కదే. మన బ్లాకు కింద కాఫీ షాపులో పెద్ద టీవీ ఉంది, చూడాలంటే దిగి రావాలి మరి, అన్నాను ఆయనతో. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు గడ్డం గీసుకున్నారు, మఫ్లరు తీసుకున్నారు, కర్ర తీసుకున్నారు. తొమ్మిదో అంతస్తు నుంచి కింద టేబుల్ దాకా ఎంతసేపు పట్టిందో నేను చెప్పను గానీ, కూర్చోగానే కోపి తెమ్మన్నారు, ఇక్కడివాళ్ళ మాటలో కాఫీ, పాలూ పంచదారా లేని నల్లది. స్ట్రోకు తర్వాత ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు. మీ ఇద్దరికీ జెర్సీలు ఆర్డర్ పెట్టించింది కూడా ఆ వారమే.

ఇక్కడ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తే ఆ చోటు నీదే అని మీకు తెలుసు కదా, ఛోప్ చెయ్యడం. అక్కడ మీ స్నేహితులకి చెప్తే నమ్మరేమో. ఎంత ఆకలితో ఉన్నవాడైనా, చేతిలో వేడి వేడి నూడుల్స్ గిన్నె ఉన్నవాడైనా ఆ ప్యాకెట్టుని కదపడు. మ్యాచ్ ఉన్న ఆదివారం నేను సాయంత్రమే దిగి టీవీ ముందు టేబుల్ ఛోప్ చేసి వచ్చేదాన్ని. మొదట్లో మా టేబుల్ దగ్గర ఎంత సందడి! మలయ్ టాక్సీ అంకుల్ వచ్చేవాడు. జురాంగ్ ఈస్ట్‌లో ఒక బ్యాంకులో పనిచేసే నెల్లూరు అబ్బాయి ఒకడు, మూడో అంతస్తులో అద్దెకుంటాడు, వాడు వంకాయరంగు జెర్సీ కొనుక్కుని మరీ వచ్చేవాడు. అంకుల్, చిన్న క్లబ్బుని సపోర్ట్ చెయ్యడంలోనే ఉంది మజా అని తాతయ్యకి లెక్చరిచ్చేవాడు. ఇంకా ఎవరెవరో. తాతయ్య మధ్యలో మఫ్లరు వేసుకుని పెళ్ళికొడుకు తండ్రిలా కూర్చునేవారు.

ఇక ఆ క్లబ్బు వాళ్ళు ఏం చేశారో చెప్తాను. మొదటి మ్యాచ్ గెలిచారు. ఆ ఒక్క గెలుపుకే కళ్ళు నెత్తికెక్కాయి. ఇన్నేళ్ళూ గోలు కాసి పైకి తీసుకొచ్చిన గోల్‌కీపర్ని అమ్మేశారు, వయసైపోయిందిట. ముప్పై నాలుగేళ్ళకి వయసైపోవడం ఏవిటమ్మా? ఆ డబ్బుతో జుట్టుకి వెండిరంగు వేసుకున్న కుర్రాణ్ణి ఒకణ్ణి తెచ్చారు, గోల్స్ కొడతాడని. వాడికి పడిపోవడం ఒక్కటే వచ్చు. పక్కనించి గాలి తగిలితే పడిపోయేవాడు. మోకాలు పట్టుకుని దొర్లి దొర్లి ఏడ్చి, రిఫరీ చూడటం లేదని తెలియగానే లేచి జుట్టు సర్దుకునేవాడు. ఇక్కడ నిజంగా కాలు పడని మనిషి అంత దూరం నడిచొచ్చి కూర్చుంటే, వీడి నాటకం చూడాలా? ఆఫ్‌సైడ్ అంటే ఏవిటో నాకు ఇప్పటికీ సగమే తెలుసు గానీ, అన్యాయం అంటే మాత్రం పూర్తిగా తెలుసు. క్రిస్మస్‌కి మేనేజర్ని పంపించేశారు. మంచి కోటు వేసుకున్న ఇంకొకాయన వచ్చాడు, కోటు నలక్కముందే ఆయన్నీ పంపించేశారు. మ్యాచంతా ప్రాణాలొడ్డి కాపలా కాసి, ఆఖరి ఐదు నిమిషాల్లో తలుపులు బార్లా తీసి పెట్టేవారు. ఓడిపోయాక ఆ కెప్టెన్ మైకు ముందుకొచ్చి పాఠాలు నేర్చుకుంటున్నాం అనేవాడు, వారం వారం అదే మాట. అన్ని పాఠాలు నేర్చుకున్నవాడు ఈపాటికి ప్లీడరో డాక్టరో అయి ఉండాలి.

వాళ్ళ మీద కోపం ఒకెత్తు, మా టేబుల్ వాళ్ళ మీద కోపం ఒకెత్తు. ఒక్కొక్కళ్ళే జారుకున్నారు. ఆఫీసు పని ఉందని ఒకడు, చుట్టాలొచ్చారని ఒకడు. చైనా కొత్త సంవత్సరం వెళ్ళేసరికి ఆ నెల్లూరు అబ్బాయి లిఫ్టులో, ఎప్పుడూ గెలిచే ఆ పెద్ద క్లబ్బు ఎర్ర జెర్సీతో కనపడ్డాడు. నీ వేషమేనే తల్లీ. నన్ను చూసి, ఆంటీ, ఇది ఫ్రెండుది, అన్నాడు. ఫ్రెండు జెర్సీ వీడి కొలతకి కుట్టినట్టు ఎలా ఉందో మరి. చివరికి మిగిలింది తాతయ్య, టాక్సీ అంకుల్, నేను. ఈస్టర్ వెళ్ళాక క్లబ్బు కిందికి దిగిపోవడం ఖాయమైపోయింది. ఆ రోజు తాతయ్య పైకి వచ్చి మఫ్లరు మడిచి బీరువాలో పెట్టారు. రాత్రి అన్నం దగ్గర, వచ్చే ఆదివారం మ్యాచ్ ఉందిగా అన్నాను. ఊ అన్నారు. ఆ ఊ నాకు తెలుసు. గోడ వైపు తిరిగి పడుకున్నప్పుడు అనే ఊ అది.

మర్నాడు, ఆ ఆదివారం టీవీలో మన మ్యాచే వెయ్యమని కాఫీ షాపు ఆయన్ని అడగడానికి వెళ్ళాను. ఆయన మంచివాడే. తాతయ్య కోసం కుర్చీకి దిండు కూడా తెచ్చిపెట్టాడు. కానీ వచ్చే ఆదివారం అదే టైముకి ఎర్ర జెర్సీ వాళ్ళ మ్యాచ్ కూడా ఉంది, టీవీ ఒక్కటే. "ఆంటీ, మీ టీమ్ ఫినిష్ లా. మీరు ముగ్గురు, మూడు కోపీలు. వాళ్ళు యాభైమంది" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది? సరేనని తలూపి, పక్కన సామాన్ల షాపులోకి వెళ్ళి టిష్యూ ప్యాకెట్ల కట్టలు కొన్నాను. షాపులో మూడు రకాలున్నాయి, నేను లావెండర్ వాసనవి తీసుకున్నాను. వాటి కవరు వంకాయరంగు.

ఆదివారం మూడింటికి కాఫీ షాపు ఖాళీగా ఉంటుంది. చేప సూపు అమ్మే ఆవిడ ముల్లంగి తరుక్కుంటోంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఎవరో ముసలాయన పేపరు కప్పుకుని కునుకుతున్నాడు. నేను నెమ్మదిగా నడుస్తూ టీవీ ముందున్న ప్రతి టేబుల్ మీదా ఒక్కో ప్యాకెట్ పెట్టుకుంటూ పోయాను, పేరంటానికి తాంబూలాలు సర్దినట్టు. అయ్యాక పైకొచ్చి పప్పుచారు పెట్టుకున్నాను. చీకటి పడే వేళకి ఎర్ర జెర్సీలు దిగాయి. నేను మొదటి అంతస్తు మెట్ల మలుపులో నిలబడి అన్నీ చూస్తున్నాను. గుంపుగా వచ్చారు, టేబుళ్ళ చుట్టూ తిరిగారు, ప్యాకెట్లు చూశారు, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కదిపే ధైర్యం ఒక్కడికీ లేదు. సగంమంది రోడ్డవతల కాఫీ షాపుకి వెళ్ళిపోయారు. నేను దిగేసరికి షాపాయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆంటీ, ఇంతమంది ఎవరు? ఎప్పుడొస్తారు?"

"వస్తారు" అన్నాను నెమ్మదిగా. "మా టీమ్ వాళ్ళు."

ఆయన ప్యాకెట్ల రంగు చూశాడు, నన్ను చూశాడు, చైనా భాషలో ఏదో గొణుక్కుని రిమోట్ తీశాడు. నేను పైకి వెళ్ళి తాతయ్యని లేపాను. కింద ఏదో గొడవగా ఉంది, మన మ్యాచే వేశారు, ఒక్కసారి చూసి వద్దాం రండి అన్నాను. విసుక్కున్నారు. టాక్సీ అంకుల్ ఒక్కడే కూర్చున్నాడు పాపం అన్నాను. లేచారు. మఫ్లరు లేకుండానే వచ్చారు. లిఫ్టు దిగి, మనుషుల్లేని ఆ టేబుళ్ళనీ, వాటి మీద వంకాయరంగు ప్యాకెట్లనీ చూసి నిలబడిపోయారు. కాసేపటికి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని హడలిపోయాను. నవ్వుతున్నారు.

మొదట గోలు కొట్టింది మనవాళ్ళే, నమ్ముతారా! ఆ వెండిజుట్టు వాడే కొట్టాడు, పడిపోకుండా. టాక్సీ అంకుల్ లేచి కేక పెట్టాడు. అప్పుడొచ్చాడు నెల్లూరు అబ్బాయి, ఎర్ర జెర్సీలో, వెనకాల నలుగురు ఫ్రెండ్సు, అందరి చేతుల్లోనూ ప్లేట్లు. చోటు లేదు. టేబుళ్ళన్నీ ఖాళీ, కానీ చోటు లేదు. మమ్మల్ని చూసి తల దించుకున్నాడు. నిలబడనీ, కాళ్ళు పీకనీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, నాకేం సిగ్గు లేదు. ఇంతలో తాతయ్య కర్ర పట్టుకుని లేచారు. నేను పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టారు. టేబుళ్ళ మధ్య నుంచి, అంతమంది చూస్తుండగా, కుడి కాలు ఈడ్చుకుంటూ ఆ చివరి టేబుల్ దాకా నడిచి, ప్యాకెట్ తీసి జేబులో వేసుకుని, కూర్చోండిరా అని సైగ చేశారు. అక్కడితో ఆగలేదు. ఇంకో ఇద్దరు నిలబడి ఉంటే వాళ్ళకో టేబుల్. పిల్లల్నెత్తుకున్న ఒక తమిళావిడకి ఇంకో టేబుల్. అలా తిరిగి తిరిగి అన్ని ప్యాకెట్లూ ఏరుకుని, జేబులు ఉబ్బించుకుని, చెమటతో వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"వాళ్ళకెందుకు ఇచ్చారు? గెలిస్తేనే వచ్చే రకం" అన్నాను. నా కోపం అణగలేదు.

"ఓడిపోయేవాళ్ళ దగ్గర చోటుకేం తక్కువోయ్, కూర్చోనీ" అన్నారు.

ఆఖరి ఐదు నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చేశారు మనవాళ్ళు. మామూలే. కెప్టెన్ వచ్చి మళ్ళీ పాఠాలు నేర్చుకున్నాడు. నెల్లూరు అబ్బాయి తాతయ్యకి నల్ల కోపి తెచ్చి పెట్టి, పక్కనే కూర్చున్నాడు. నేను వాడితో ఆ రోజు మాట్లాడలేదు, ఇప్పుడిప్పుడే కొంచెం మాట్లాడుతున్నాను.

ఇప్పుడు ఆ క్లబ్బు కింది డివిజన్లో ఆడుతోంది. ఆ మ్యాచ్‌లు ఇక్కడ టీవీలో ఎవరూ వెయ్యరు. టాక్సీ అంకుల్ ఫోన్లో స్కోరు చూసి చెప్తాడు, అంతే. అయినా ఆదివారం సాయంత్రం తాతయ్య గడ్డం గీసుకుని దిగుతారు. లిఫ్టులో చైనా ఆంటీ ఉంటే జరగమంటారు. నువ్వు ఆ జెర్సీ బ్యాగులోంచి తీసి ఉతికి మడిచి పెట్టు తల్లీ. వాళ్ళు మళ్ళీ పైకొచ్చేసరికి నీకు చాలదు, తమ్ముడికి సరిపోతుంది, వాడికీ చాలకపోతే ఇంకెవరికో సరిపోతుంది. అప్పటికి మేముంటామో లేదో నాకు తెలీదు గానీ, ఆ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ మాత్రం పెట్టే ఉంచుతున్నాను.