అడవి గేటు దాటిన హీరో

ఆత్మకూరులో జాకెట్లు కుట్టే ఎలీసమ్మ మూడేళ్లు కష్టపడి ఒక నవల రాసి కథల యాప్‌లో పెట్టింది. నల్లమల అంచున ఒక చిన్న ఊరు, ఒక ప్రేమజంట, ఒక హంతకుడు. పాఠకులందరి అభిప్రాయమూ ఒకటే: రాత్రి బండ్లు పోకుండా అడవి గేటు మూసేస్తారు కదా, హీరో బండి మీద ఎలా వచ్చాడు? హంతకుడి సంగతి ఎవరికీ పట్టలేదు.

విసిగిపోయి, హీరో గేటు దగ్గర బండి వదిలి నడిచొచ్చినట్టు మార్చింది.

మర్నాడు జాకెట్టు కోసం వచ్చిన నిర్మల టీచరు, "చిరుతలు తిరుగుతాంటాయి కదక్కా, ఒక్కడే ఎట్ల నడిచినాడు?" అంది.

"ఆ పిల్ల కోసరం నడిచినాడమ్మా. నువ్వయితే ఏం చేస్తావు?"

నిర్మల పర్సు తీస్తూ అంది, "పొద్దున బస్సుకు పోతా."

"అప్పటికి ఆ పిల్ల చచ్చిపోయుంటాది," అని ఎలీసమ్మ జాకెట్టు ఆమె చేతిలో పెట్టింది. నవలను మళ్లీ మార్చలేదు.