మూడోసారికి ఒప్పుకున్న కుమ్మరవ్వ

కాదన్నా తప్పే, అవునన్నా తప్పే అయ్యే ప్రశ్న మిమ్మల్ని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? అడిగి ఉంటే ఆ మంట మీకు తెలుసు. నాకు మాత్రం జవాబు చెప్పే వైపు కూర్చునే అగత్యం పట్టలేదు. నేను అడిగిన వైపు దాన్ని. అందుకే ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

నా చిన్నప్పుడు, ఆ పెద్ద యుద్ధం నడుస్తూ కిరసనాయిలు కరువైన రోజుల్లో, మేము మదనపల్లెలో ఉండేవాళ్ళం. నాకు పదమూడేళ్ళు. మట్టిలోంచి బయటపడే పాత వస్తువులంటే పిచ్చి. ఎవరింట్లో బావి తవ్వుతున్నా, పునాది తీస్తున్నా, పోసిన మట్టి కుప్ప పక్కన గంటల తరబడి కూర్చునేదాన్ని. పెద్దయ్యాక పాతకాలపు ఊళ్ళు తవ్వే పని చేస్తానంటే, దానికి పలుగు చాలుగదా, పలక ఎందుకు అని మా నాన్న నవ్వాడు. మా మేనమామ ఒక్కడే నవ్వలేదు.

మా మామ పుంగనూరులో ప్లీడరు గుమాస్తా. అక్కడి సంస్కరణ సంఘంలో వాదించడమంటే ఆయనకు భోజనం కంటే ఇష్టం. శకునాలు, దిష్టి, దయ్యాలు ఆయన నోట పడితే చీలికలు పేలికలయ్యేవి. ఒకసారి వీధిలో సోదె చెప్పే ఆమెను ఆపి, జరిగితే నీ వాక్కు, జరగకపోతే మా పాపం, ఇదేం తర్కమని నిలదీస్తే ఆమె బుట్ట సర్దుకుని వెళ్ళిపోయింది. ఎవరేం చెప్పినా రుజువేదని అడగాలని నాకు నేర్పింది ఆయనే. అచ్చు పుస్తకాన్ని మాత్రం ఆయన ఆ ప్రశ్న అడగగా నేను చూడలేదు.

సీమకు తిరిగిపోతున్న ఒక దొర సామాను వేలం వేస్తే, మామ ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం కొని నాకు తెచ్చిచ్చాడు. మన కొండల మీది రాతి సమాధుల గురించి, వాటి చుట్టుపక్కల బతికే జనం ఆచారాల గురించి ఆ దొర రాసుకున్నది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఏడాది పాటు చదివాను. మంచిని మంచి అనాలి. దొరికినదాన్ని కొలవడం, బొమ్మ గీయడం, ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకోవడం నాకు ఆ పుస్తకమే నేర్పింది. రాళ్ళ గురించి అంత జాగ్రత్తగా రాసినవాడు మనుషుల గురించి మాత్రం అజాగ్రత్తగా రాస్తాడని పదమూడేళ్ళ పిల్లకు ఎలా తోస్తుంది?

ఆ సమాధుల్లో ఒక రకం కుండలు దొరుకుతాయి. అడుగు ఎరుపు, మూతి నలుపు, లోపలంతా నలుపు. ఎరుపు బతుకుకు, నలుపు చావుకు గుర్తని, అది శవసంస్కారంలో ఒక తంతు అని దొర రాశాడు. ఈ ప్రాంతపు కుమ్మర్లు ఇప్పటికీ ఆ తంతును గుట్టుగా జరుపుతారని కూడా రాశాడు. దాని కిందే ఒక సలహా: వీళ్ళను అడిగితే మొదట కాదంటారు, దాస్తున్నారని గ్రహించి మళ్ళీ అడగండి, మూడోసారికి ఒప్పుకుంటారు.

ఆ సోదె తర్కానికీ ఈ సలహాకూ తేడా ఏమిటో ఈనాటికీ నాకు అంతు చిక్కలేదు. కాదంటే దాచినట్టు, అవునంటే ఒప్పుకున్నట్టు అయితే, ఇక నిజం చెప్పదలచిన మనిషి ఏ వాకిట్లోంచి బయటికి రావాలి? మా మామకు ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీయడం తెలిసింది గాని, పక్కన ప్రశ్నార్థకం వేయడం తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఆ ఎండాకాలం సెలవులకు సదుం దగ్గర మా అవ్వ ఊరికి వెళ్ళాను. ఊరి వెనక గుట్ట మీద పెద్ద బండలు నిలబెట్టి, పైన మరో బండ మూసిన గదులున్నాయి. ఊళ్ళో వాటిని పాండవుల గుళ్ళు అంటారు. వాన కోసిన చోట నాకు ఒక పెంకు దొరికింది. కింద ఎరుపు, పైన నలుపు. పుస్తకంలోని బొమ్మ నా చేతిలోకి దూకినట్టయింది. పెంకును ఓణీ కొంగులో మూటగట్టుకుని, నోటుబుక్కు పట్టుకుని నేరుగా ఊరి చివర కుమ్మరవ్వ ఇంటికి నడిచాను.

కుమ్మరవ్వకు అప్పటికే అరవై దాటి ఉంటాయి. మొగుడు పోయాక, సారె తిప్పే కొడుకుతో కలిసి ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నీళ్ళ కుండలు చేసేది. కుండ అమ్మకమంతా ఎండాకాలంలోనే. వానలు పడితే మట్టి ఆరదు, కుండలు కాల్చే ఆవం అంటుకోదు. ఆ మూడు నెలల అమ్మకమే వాళ్ళకు ఏడాది తిండి. నేను వెళ్ళేసరికి ఆమె మోచేతుల దాకా మట్టితో, ఆకాశంలో మబ్బు చూసుకుంటూ, పచ్చి కుండలను హడావుడిగా ఆవంలో పేరుస్తోంది.

పెంకు మూటలోంచి తీయనైనా తీయలేదు నేను. పుస్తకంలో ఉన్నట్టే అడిగాను. చావుకు నలుపు మూతి కుండలు గుట్టుగా చేస్తారా అని. అట్లాంటిదేం లేదు తల్లీ అంది. రెండోసారి అడిగితే నవ్వి, ఎవరు చెప్పినారు నీకు అంది. నేను దాపరికం పట్టేసినట్టు మురిసిపోయి మూడోసారి అడిగాను. అప్పటికి మొదటి చినుకు పడింది.

“అట్లే అనుకో పాపా. రాసుకో. రాసుకోని పక్కకు జరుగు, ఊక తట్ట ఈడికి ఈడ్సాల” అంది.

నేను రాసుకున్నాను. మూడోసారి అడిగితే ఒప్పుకున్నారు, అని. ఊక తట్టను ఈడ్చడానికి ఒక చెయ్యి కూడా వేయలేదు.

మామ ఆనందానికి హద్దు లేదు. పుంగనూరు సంఘంలో నన్ను బల్ల ఎక్కించి వ్యాసం చదివించాడు. మన జనంలో ఎంతటి చీకటి ఆచారాలు దాగి ఉన్నాయో ఒక చిన్నపిల్ల పరిశోధించి తెచ్చిందని అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వ్యాసాన్ని సంఘం చేతిరాత పత్రికలో ఎక్కించి, నకళ్ళు తీయించి పక్క ఊళ్ళకు కూడా పంపారు. దయ్యాలను నమ్మని పాతికమంది పెద్దమనుషుల్లో ఒక్కరంటే ఒక్కరు, కుమ్మరామెను ఏ మాటలతో అడిగావమ్మా, ఆమె సరిగ్గా ఏమంది, అని నన్ను అడగలేదు.

రెండు వారాల తర్వాత మా అవ్వ ఇంటికి తిరిగి వెళితే, కొత్త నీళ్ళ కుండ పెరట్లో పేడ కుప్ప పక్కన బోర్లా పడి ఉంది. ఎందుకు పారేశావని అడిగాను. అవ్వ చీపురు ఆపకుండానే చెప్పింది.

“శవాలకు సేసే సేత్తో సేసిన కుండలో నీళ్ళెట్ల తాగేది మే? నువ్వే గదా పుంగనూరులో సదివితివంట.”

సంగతి సంత దాకా పాకింది. చావు ఇంటికి కుండ కొనడం మాకు కొత్తేమీ కాదు, ఆ కుండా ఆ కుమ్మరవ్వ చేసిందే. కానీ దాన్ని కొనే పద్ధతి వేరు. ఇంటి కుండను పదిసార్లు తట్టి, మోత విని, బేరమాడి కొంటారు. చావు కుండను తట్టరు, బేరమాడరు, అడిగింది ఇచ్చి తల దించుకుని పోతారు. ఆ పద్ధతి వల్లే రెండూ ఒక్క ఆవంలోంచి వచ్చినా ఒకదాని మైల ఒకదానికి అంటేది కాదు. నా వ్యాసం ఆ గోడను కూల్చింది. అప్పటికి రెండు సంతలుగా ఆమె కుండను ఎవరూ తట్టి కూడా చూడలేదట. ఎండాకాలం అయిపోవస్తోంది.

నాకు ఏడుపొచ్చింది. తిడుతుందని తెలిసే కుమ్మరవ్వ ఇంటికి వెళ్ళాను. ఆమె తిట్టలేదు, అది ఇంకా కష్టంగా ఉండింది. ఇంటి చుట్టూ అమ్ముడుపోని కుండలు వరసగా ఉన్నాయి. వెంట తెచ్చుకున్న మూటలోంచి ఆ పెంకు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆ పని మొదటి రోజే చేయవలసింది.

ఆమె పెంకును ఎండకు పట్టి చూసింది. అంచు మీద బొటనవేలు నడిపింది. గోటితో గీకింది. నేను ఏడాది చదివిన పుస్తకంలో లేనిదాన్ని ఆమె ఆ నాలుగంగుళాల పెంకులో గుక్క తిప్పుకోకుండా చదివేసింది. మట్టి చెరువు మట్టి అని, బాగా జల్లించారని, ఆరకముందే గులకరాయితో నున్నగా రుద్దారని.

“ఇది రంగు కాదు పాపా. బోర్లించి కాల్సినారు. మూతి ఊకలో కూరుకోని ఉండాది, పొగ బట్టి నల్లగయింది. అడుక్కు గాలి తగిలి ఎర్రగయింది. మీ యింట్లో సట్టికి అడుగు నలుపు, దీనికి మూతి నలుపు. అంతే.”

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని ఉక్రోషంగా అడిగాను. నువ్వు కుండ గురించి అడగలేదు గదా, నన్ను గురించి అడిగితివి అంది. కాగితం పట్టుకుని వచ్చినవాళ్ళు ముందే ఏదో అనుకునే వస్తారని, అది రాసుకునేదాకా కదలరని, ధాన్యం లెక్కకు వచ్చినోళ్ళూ అంతేనని, అవునంటే తొందరగా పోతారని విసుగ్గా చెప్పింది. పెంకును నా చేతికి తిరిగిచ్చి, సంతకు నాతో రా అంది.

సంతలో నేను రాసింది తప్పని అందరికీ చెప్పించి నన్ను వదిలేస్తుందనుకున్నాను. చెప్పాను కూడా. వచ్చిన ప్రతి ఆడమనిషికీ గొంతు పోయేలా చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. దొర పుస్తకంలో అచ్చయి ఉండాదంట గదా, ఆ ముసిల్ది భయపెట్టి చెప్పిస్తాండాది, అన్నారు. అబద్ధానికి చప్పట్లు కొట్టినవాళ్ళకు నిజం మీద ఎన్ని అనుమానాలో చూడండి.

కుమ్మరవ్వ ఇది ముందే ఊహించినట్టుంది. గంపలో రెండు చిన్న పచ్చి ముంతలు, ఊక, పిడకలు తెచ్చింది. సంత మధ్యలో కొడుకు చేత మోకాలి లోతు గుంట తీయించింది. తను మాత్రం దూరంగా వెళ్ళి చేతులు కట్టుకుని కూర్చుంది.

“నా సెయ్యి తగిలితే మంత్రమంటారు. నువ్వే కాల్సు. నీకు మంత్రాలు రావని అందరికీ తెలుసు.”

ఇంతకంటే నిక్కచ్చి ప్రయోగాన్ని మా సంఘంలో ఏ పెద్దమనిషీ చేసి చూపలేదు. ఆమె దూరం నుంచే చెబుతుంటే, ఒక ముంతను ఊకలో బోర్లించాను, ఒకదాన్ని ఊక తగలకుండా పిడకల మీద వెల్లకిలా పెట్టాను. నిప్పు నేనే వేశాను. పొగకు కళ్ళు మండి, చేతి మీద బొబ్బ లేచింది. జనం మూగారు, ఎగతాళి చేశారు, పిల్ల మొహం కూడా రెండు రంగులయిందని నవ్వారు. ఎండ వాలాక కర్రతో బయటికి లాగితే, వెల్లకిలా పెట్టింది మొత్తం ఎర్రగా, బోర్లించింది మూతి నల్లగా, అడుగు ఎర్రగా ఉన్నాయి.

జనం వంగి రెండు ముంతలనూ చూశారు. తర్వాత బియ్యం చెరిగే చేట చంకన పెట్టుకున్న ఒకామె ముందుకొచ్చి, కుమ్మరవ్వ పేర్చిన నీళ్ళ కుండల్లో ఒకదాన్ని వేలితో తట్టింది. మోత విని, ధర ఎక్కువని గొణిగింది. బేరం మొదలుపెట్టిందన్నమాట. నేను విన్న మాటల్లో అంత తియ్యటి గొణుగుడు ఇంకోటి లేదు. ఆ సాయంత్రం సగం కుండలు పోయాయి. అందరూ రాలేదు. మా అవ్వ కూడా ఆ ఏడాది ఇత్తడి బిందెతోనే గడిపింది.

ముంతను పట్టుకుని పుంగనూరు వెళ్ళాను. మామ దాన్ని తిప్పి తిప్పి చూసి, కాలిస్తే అట్లా కావచ్చు, కానీ అది తంతు కాదనడానికి రుజువేది అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్న నాకు రోత పుట్టించింది. సంఘంలో దిద్దుబాటు చదువుతానంటే, ఈసారికి విషయాలు నిండిపోయాయి, వచ్చే సభలో చూద్దామన్నారు. వచ్చే సభలోనూ అదే మాట. సెలవులు అయిపోయాయి, నేను మదనపల్లెకు తిరిగి వచ్చేశాను. సంతలో చెప్పాను గదా, అది చాలులే అనుకున్నాను.

చాలలేదు. చాలా ఏళ్ళకు నేను కోరుకున్న పనిలోనే చేరి, కుప్పం దగ్గర ఒక దిబ్బ తవ్వుతున్నప్పుడు, అక్కడి యువ ఉపాధ్యాయుడు ఒకరు ఎంతో ఉత్సాహంగా నా దగ్గరికి వచ్చారు. ఇక్కడి కుమ్మర్లలో ఒక రహస్య ఆచారం ఉందని, పాత చేతిరాత పత్రికలో చదివానని, స్వయంగా వెంకటగిరికోటకు వెళ్ళి అడిగానని చెప్పారు. ఆయన నోటుబుక్కులో, నా పదమూడేళ్ళ నాటి వాక్యం పక్కన ఆయన సొంత వాక్యం ఉంది. అక్కడివాళ్ళు కూడా మూడోసారికి ఒప్పుకున్నారట. నా అబద్ధానికి ఇప్పుడు రెండో సాక్ష్యం పుట్టింది. ఆ పత్రికలో రాసింది నేనేనని చెప్పి, గుంట తవ్వి, ముంత కాల్చి చూపించాను. ఆయన మర్యాదగా తల ఊపి, కొందరు దీన్ని అంగీకరించరు అని అడుగున ఒక ముక్క చేరుస్తానన్నారు. నన్నూ దాస్తున్నవాళ్ళ జాబితాలో వేశారు.

ఆ సంత నుంచి నేను మోసుకొస్తున్నవి పెద్ద సిద్ధాంతాలేమీ కావు. ముందు వస్తువును తెలిసినవాళ్ళ చేతిలో పెట్టి నోరు మూసుకుంటాను. చేతి నిండా పని ఉన్న మనిషిని ప్రశ్న అడగను, ముందు ఆ పనిలో ఒక చెయ్యి వేస్తాను. విసుగులో వచ్చిన అవునును కొట్టేస్తాను. ఇవన్నీ నాకు పనికొచ్చాయి. వెంకటగిరికోట కుమ్మర్ల కుండలు ఎన్ని సంతల్లో తట్టకుండా మిగిలిపోయాయో మాత్రం నాకు తెలియదు. పుంగనూరులో ఆ రోజు, విషయాలు నిండిపోయాయని చెప్పినవాళ్ళ మాట వినకుండా నేను బల్ల ఎక్కి ఉంటే, ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

కాబట్టి మీకు చెబుతున్నాను. ఎవరి గురించైనా మీరు రాసింది, చెప్పింది, చప్పట్లు కొట్టింది తప్పని తెలిస్తే, మీకు వీలైన చోట మెల్లగా గొణిగి సరిపెట్టుకోకండి. ఏ సభలో అన్నారో ఆ సభకే వెళ్ళండి. విషయాలు నిండిపోయాయంటే నిండనివ్వండి. లేచి నిలబడండి, మాట్లాడండి, మిమ్మల్ని కూర్చోబెట్టేలోగా మొత్తం చెప్పేయండి. వచ్చే సభ దాకా ఆగకండి.