బిడ్డకొక జంతువు

"పులిని అందరూ సూస్తారులేమ్మా. దాని కాడ కేకలేసి, ఫోటో దిగి, బస్సెక్కి నిద్రపోతారు. మర్సటిరోజు అడిగితే పులి తప్ప ఏమీ గుర్తుండదు. అందుకే బిడ్డకొక జంతువు. రాసుకో."

మంచం మీద కట్టు కట్టిన కాలు చాపుకొని జైతున్‌బీ చెబుతుంటే, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని వందన రాసుకుంటోంది. రోజూ నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వచ్చి యూకేజీ పిల్లలకు పాఠాలు చెప్పే వందన ఆ బడిలో చేరి ఆరు నెలలే అయింది. జైతున్‌బీ అదే బడిలో పందొమ్మిదేళ్లుగా ఆయమ్మ. ఏటా పిల్లలతో తిరుపతి జూకు పోయేది ఆమే. నెల కిందట నంద్యాలలో మోకాలి ఆపరేషన్ అయింది. ఈ ఏడు బస్సెక్కే వీల్లేదు. ఎల్లుండి, శనివారమే ప్రయాణం.

"ఒక్కొక్కరికీ ఒకటిస్తే మిగతావి చూడరా, ఆయమ్మా?"

"ఎందుకు సూడరు? అన్నీ సూస్తారు. వానికిచ్చిన దాని కాడ మాత్రం నిలబడాల. ఏం తినింది, కాళ్లు ఎట్లుండాయి, తోకతో ఏం చేస్తాంది? ఇంటికొచ్చినాక, జూకు రాని మనిషికి ఒకరికి చెప్పాల. చెప్పేదాకా జూ చూసినట్లు కాదు."

"ఐదేళ్ల పిల్లలకు అంత చెప్పడం వస్తుందా?"

"ఏందీ, నీకంటే బాగా చెప్తారు!"

వందన నవ్వింది. జైతున్‌బీ నవ్వలేదు. కట్టు అంచు సవరించుకుంది.

"నేనే ఒకసారి తప్పు చేసినా. నిలోఫర్ అని ఒక పాప. ముళ్లపంది ఇచ్చినా. అరగంట నిలబడినాం, అది బొరియలోనుంచి బయటికే రాలా. బస్సులో ఆ పాప 'నా జంతువు లేదు ఆయమ్మా' అనింది. 'సరేలే, కోతి గురించి చెప్పుకో పో' అన్నా. కడప దాటినా నోరు తెరవలా. మర్సటిరోజు వాళ్ల నాయనమ్మ వచ్చి అడిగింది, ఏం చూపించినారమ్మా మా పాపకు అని. ఇంట్లో పొద్దుపోయేదాకా చెప్పిందంట. బొరియ తన తల పట్టేంత ఉండాదంట. నీళ్ల తొట్టి పక్కన తెలుపూ నలుపూ చారల ముల్లు ఒకటి పడుండాదంట. చిలగడదుంప సగం కొరికి వదిలేసిందంట. ఆ పాప చెయ్యి పట్టుకోని ఆడనే నిలబడినా నేను. ఒక్కటీ చూడలా."

వందన కలం ఆపింది.

"మరి మీరెవరికి చెప్పేవాళ్లు, వచ్చినాక?"

అలమరలో ఒకే కంచం, ఒకే గ్లాసు బోర్లించి ఉన్నాయి. వందన వాటిని ఇప్పుడే చూసింది. జైతున్‌బీ భర్త పోయి ఇరవై ఏళ్లు దాటింది. పిల్లల్లేరు. వీధిలో బడి ఆటో ఒకటి పిల్లల అరుపులతో పోయింది. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా ఆమె తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఎవరికి చెప్తాను బేటీ? తాళం తీసుకోని, కాళ్లు కడుక్కోని పండుకునేదాన్ని. పిల్లోళ్లు నాకు చెప్పరు కదా, నేనూ జూకు పోయిన మనిషినే."

"ఫోటోలు తీసి పంపిస్తాలే ఆయమ్మా," అంది వందన, ఏదో ఒకటి అనాలని.

జైతున్‌బీ దిండు పక్కనున్న బటన్ల ఫోను ఎత్తి చూపించింది. "దీంట్లో బొమ్మలు రావు. నెల నుంచి ఫోనూ రాలా."

అయిదు గంటల నంద్యాల బస్సుకు టైమవుతోంది. వందన పుస్తకం సంచిలో పెట్టుకొని లేచి, గడప దాకా పోయింది.

"ఇంతకీ ముళ్లపంది ఎవరికిస్తాండావ్?"

"ఇంకా ఎవరికీ అనుకోలేదు."

"క్లాసులో నోరు తెరవని బిడ్డ ఉంటాది కదా, యాడో కిటికీ పక్కన. ఆ బిడ్డకియ్యి. కనపడకపోయినా పర్వాలేదని ముందే చెప్పు." జైతున్‌బీ గొంతు తగ్గింది. "సోమవారం బడి ఇడిసినాక, వాళ్లమ్మను అడిగి, ఒక్క పది నిమిషాలు ఆ బిడ్డను ఈడికి తోలుకరా తల్లీ. ఈసారి జూకు పోని మనిషిని నేనే కదా. ఇంగ పో, బస్సు పోతాది."