నా చేతి బోణీ

మా వజ్రపుకొత్తూరు ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకున్న టెక్కలి ఇంజినీరు బాబుది ఎప్పుడూ ఒకటే మాట: "ఇక్కడ వండి అక్కడ వడ్డించాలమ్మా." పడవలకు దారి చూపే చిన్న కంప్యూటరు పెట్టె, లినక్సుతో నడిచేది, చేస్తున్నాడు. దానికి సొంతంగా వండుకునే సత్తువ లేదట. దాని ప్రోగ్రాములన్నీ పెద్ద కంప్యూటర్లోనే తయారుచేసి ఎక్కించాలి. ఆ తయారీకి కావలసిన సరంజామా కంప్యూటర్లో పెడుతుంటే ప్రతిసారీ మధ్యలో ఆగిపోయేది.

"ముండమోపి ఎదురుగా తిరుగుతుంటే పని సాగుతాదేటి బాబూ?" అన్నాడు మా మరిది, నేను వింటుండగానే. "ఈపాలి ఆగిందంటే నీ పెట్టె నా పడవెక్కదు. మా వదిన ఈ ఇంట్లో ఉండదు!"

బాబు కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, ఈపాలి మీరు నొక్కండి."

మొగుడు సముద్రంలో పోయాక కొత్త వలకు కూడా ఎదురెళ్ళని దాన్ని. "నా సెయ్యి మంచిది కాదు బాబూ" అన్నా వినలేదు. బాబు చూపించిన మీట నొక్కాను.

తెర నిండా అక్షరాలు పరుగెత్తి, ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"సెప్పానా!" అని మరిది తొడ చరిచాడు. నేను గోడకు అతుక్కుపోయాను.

బాబు తెర మీదకు వంగి చదివాడు. "మీ వదిన సెయ్యి కాదు మావా, నా బుర్ర. ఒక ఫైలు పాతది పెట్టీసినాను." దాన్ని మార్చి, కుర్చీ నా వైపు తిప్పాడు. "రండమ్మా, మళ్ళీ మీరే."

ఈసారి అక్షరాలు మధ్యలో ఆగలేదు. మరిది చెప్పులు తొడుక్కున్నాడు. పని పూర్తవడం సరే. చెడగొట్టిందన్న చేతినే మళ్ళీ రమ్మన్నాడే, అది మాత్రం ఇప్పటికీ మరువలేను.