గడప తొక్కని కర్రోడు

నన్నీ బీకి కోపం ముక్కు మీదే ఉండేది. ఆత్మకూరుకు ఆవల, నల్లమల అంచున ఉన్న ఆ పల్లెలో ఆమెతో వాదానికి దిగి గెలిచినవాడు లేడు. మొగుడు పోయేనాటికి ఆమెకు మిగిలింది చిన్న మిద్దె, ఊరి బయట ముళ్ళకంప దొడ్డి, అందులో ముప్పై గొర్రెలు. కోతలయ్యాక రైతుల చేలల్లో మంద నిలిపి, ఆ ఎరువుకు బదులు వాళ్ళిచ్చే జొన్నలతో బతికేది. 1935 ప్రాంతంలో చిరుతపులి ఒకటి అడవి దిగడం మరిగింది. ఒక్క నెలలో నాలుగు గొర్రెలు పోయాయి.

ఏటా ఎండాకాలం పడమటి నుంచి మందలు తోలుకొచ్చే కురువ తిమ్మయ్య ఆమె గోడు విని, ఒక పొట్టేలు పిల్ల తీసుకుని కుక్కపిల్లను ఇచ్చాడు. నల్లగా ఉందని దాన్ని కర్రోడని పిలిచింది. రెండు నెలలదే అయినా పాదాలు మనిషి పిడికిలంత ఉన్నాయి.

"పెద్దదైతే దూడంత అవుతాదమ్మా ఇది. ఇంట్లోకి మాత్రం రానీవద్దు. పాలిచ్చే గొర్రె కాడ వదులు, దాని పాలే తాగనీ. గొర్రెపిల్లల్లోనే పండుకోనీ. ఆ వాసనతో పెరిగితేనే మంద నాదనుకుంటాది," అన్నాడు తిమ్మయ్య.

మొదటి మాట నన్నీ బీకి తేలిగ్గానే నచ్చింది. కుక్క ఉన్న ఇంటికి ఫరిస్తాలు, ఆ దేవదూతలు, రారని చిన్ననాటి నుంచీ విన్నదే. రెండోదే మింగుడు పడలేదు. తాను తాగే పాలు ఇచ్చే గొర్రె పొదుగుకు కుక్క మూతి పెట్టడమా? తోబా తోబా! అందుకని కర్రోణ్ణి దొడ్డి కంచెకు ఇవతల కట్టేసి, కుండ పెంకులో సంగటి కలిపి తన చేత్తోనే పెట్టింది. పెట్టిన ప్రతిసారీ మూడుసార్లు చేతులు కడుక్కుంది. పిడుదులు ఏరింది, పాదాల్లో ముళ్ళు తీసింది, వేపనూనె రాసింది. చేస్తున్నంతసేపూ తిట్టేది. ఎవరూ చూడనప్పుడు చెవుల వెనక గోకేది.

ఏడాదికి కర్రోడు నిజంగానే దూడంత అయ్యాడు. చిరుత గొంతు పట్టుకోకుండా కమ్మరి బొజ్జన్న ఇనుప ముళ్ళ పట్టెడ చేసి మెడకు బిగించాడు. ఊళ్ళో వాళ్ళు దారి మార్చుకుని నడిచేవారు. నన్నీ బీకి ధైర్యం వచ్చి, సాయంత్రాలు కట్టు విప్పి వదిలేసింది.

ఒకనాడు పొద్దుగూకే వేళ ఆమె ఇంట్లో సంగటి కెలుకుతుండగా దొడ్డిలో గొర్రెలు అరిచాయి. కర్రోడు పరుగెత్తాడు. దొడ్డికి కాదు, ఆమె ఇంటికి! గడప ముందు అడ్డంగా నిలబడి బయటికి చూస్తూ గుర్రుమన్నాడు. పోనీ తానైనా పోదామంటే ఆమెనూ కదలనివ్వలేదు. తెల్లారి చూస్తే రెండు గొర్రెలు లేవు.

"ఇంత సంగటి తిని నాకు కాపలా కాస్తావురా? నన్నెవడు ఎత్తుకపోతాడు!" అని తిట్టి, తిట్టి, చివరికి ఏడ్చింది.

సంగతి తెలిసి డోన్ నుంచి మరిది మాబు సాహెబ్ వచ్చాడు. "ఒంటి ఆడమనిషివి, ఎన్ని దినాలు కాస్తావు వదినా? మంద అమ్మేసి మాతో రా. ఇంట్లో ఒక మూల నీకుంటాది," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, పాపం. ఆ మూల అన్న మాటే ఆమెకు గుచ్చుకుంది.

"ఈ వానాకాలం పోనీ మాబూ. ఈ లోపల ఇంకొక్క గొర్రె పోయినా నీ వెంట వస్తా," అంది. అనేశాక భయం పట్టుకుంది.

మళ్ళీ వచ్చిన తిమ్మయ్య అంతా విని తల పట్టుకున్నాడు. "నువ్వే తినిపిస్తివి, నువ్వే సాకితివి. దానికి నువ్వే మంద అయితివి. దీన్ని తోలెయ్యి తల్లీ, ఇంకో పిల్లనిస్తా."

"తప్పు నాదైతే వాణ్ణెందుకు తోలేది?" అంది నన్నీ బీ. ఆ పగలంతా ఆలోచించింది. మర్నాడు మంచం, పొయ్యి, నమాజు చాప దొడ్డిలోకి మోయించింది. తాను మంద అయితే, మందలోనే ఉంటే సరి!

ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకుంది. ఈనే గొర్రెల కింద పరిచిన గొంగళి తెచ్చి కర్రోడికి పక్క వేసింది. ఏ పొదుగు కింద మూతి పెట్టినా చూడనట్టు ఊరుకుంది. వానలు మొదలైన నెలలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల ఒకటి వాడి పొట్టకు ఆనుకుని నిద్రపోయింది. అది లేచేదాకా వాడు తోక కూడా కదపలేదు.

ఒక తెల్లవారుజామున చిరుత కంచె దూకింది. ఈసారి కర్రోడు ఆమె మంచం వైపు చూడనైనా చూడలేదు. పెనుగులాట అయ్యి చిరుత పారిపోయేసరికి పట్టెడ ముళ్ళకు నెత్తురు, వాడి భుజాన జానెడు గాయం. గొర్రెలు మాత్రం అన్నీ ఉన్నాయి. ఆమె వాడి తల ఒళ్ళో పెట్టుకుని పసుపు, వేపనూనె అద్దింది. చేతులు కడుక్కోవాలన్నది మధ్యాహ్నం నమాజు వేళకు గానీ గుర్తు రాలేదు.

వానలు వెనకబట్టాక మాబు సాహెబ్ వచ్చాడు. ఒక్క గొర్రె పోలేదని విని సంతోషించాడు గానీ, ఒక మాట అడగకుండా ఉండలేకపోయాడు. "నువ్వున్నావు కాబట్టి అది ఈడ ఉండాది వదినా. జన్మంతా దొడ్లోనే బతుకుతావా?"

నన్నీ బీ భయం కూడా అదే. తేల్చుకుందామని లేచి కర్ర తీసుకుని ఇంటి దారి పట్టింది. కర్రోడు వెంట వచ్చాడు. అయిపోయింది, అనుకుంది ఆమె. దొడ్డి వాకిలి దగ్గర వాడు ఆగాడు. ఆమెను చూశాడు, సన్నగా మూలిగాడు. లోపల గొర్రెపిల్ల అరిచింది. వాడు వెనక్కి తిరిగి పోయి దాని పక్కన పడుకున్నాడు.

ఆమె ఏడుస్తూ నిలబడింది. మాబు సాహెబ్ కంగారుపడి, "ఏమైంది వదినా?" అన్నాడు.

"నన్ను ఇడిసిపెట్టినాడప్పా," అని పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వింది. "దా, ఇంట్లో పొయ్యి రాజేసి శానా దినాలాయ. సంగటి చేస్తా, తినిపో."