చిన్నాన్న బూట్లు

మలేసియాలో బంటింగ్ ఊరెళ్ళే బస్సులో పక్కనావిడ మోకాలికి నొప్పి నూనె రాసుకుంటుంటే చిన్నాన్న గుర్తొచ్చాడు. ఆయన రాష్ట్ర ఫుట్‌బాల్ జట్టులో బంతితో పరిగెత్తే ఆటగాడు. వాళ్ళ క్లబ్బు గోడమీద ఏటేటా తగిలించిన జట్టు ఫోటోల్లో గోల్‌కీపరు పన్నెండింటిలో ఉన్నాడు. చిన్నాన్న మూడింటిలోనే.

"నువ్వు మూడిట్లోనే ఉన్నావేటి?" అనడిగాను చిన్నప్పుడు.

"పరిగెట్టినోడి కాళ్ళు బేగి అరిగిపోతాయమ్మా."

చెప్పుల్లాగే అరుగుతాయనుకున్నాను. మర్నాడు ఆయన ఆటకు వెళ్ళకుండా బూట్లు గోనెసంచిలో చుట్టి కోళ్ళగూటి వెనక దాచాను. సాయంత్రమైనా ఆయన వెతకలేదు. భయమేసి నేనే తెచ్చిచ్చాను.

"నీకాడే ఉంచుకో," అన్నాడు, మోకాలికి నూనె రాసుకుంటూ.

ఆయన కాళ్ళు కాపాడానని మురిసిపోయాను. జట్టు ఆయన్ని వారం ముందే తీసేసిందని పెద్దయ్యాక తెలిసింది. అప్పటికాయనకు ఇరవయ్యారేళ్ళు.