రెండు కాళ్లూ రెండు వైపులా

ఎనభైల్లో మోటారు సైకిలు వెనక ఆడది ఒక పక్కకే కూర్చోవాలి. అదే మర్యాదట. పూర్ణా మార్కెట్ మలుపులో మా ఆయన సడన్‌గా బ్రేకు వేస్తే నేను జారి రోడ్డు మీద పడ్డాను. వెనకొస్తున్న పోర్టు లారీ చక్రం నాకు జానెడు దూరంలో ఆగింది. లేచి, చీర ఎగదోసి, రెండు కాళ్లూ రెండు వైపులా వేసి, ఆయన నడుం గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"ఏటిది? సరిగ్గా కూకో," అన్నాడాయన.

"సరిగ్గానే కూకున్నాను. బండి తియ్యండి," అన్నాను.

ఇంటి ముందు అలాగే దిగాను. గుమ్మంలో మా అత్త మండిపడింది. "ఊరంతా సూత్తన్నాది, సిగ్గు నేదేటే?"

"పడ్డప్పుడూ ఊరంతా సూసిందత్తా. ఒక్కలూ సెయ్యందివ్వనేదు."